అన్నం తిన్న గేదె, వారం రోజుల వైద్యం

మా ఇంట్లో శుభకార్యం జరిగిన రాత్రి, మిగిలిన అన్నాన్ని గంగాళంతో సహా పెరట్లోనే వదిలి పడుకున్నాము. పలుపు తెంపుకున్న మా ముర్రా గేదె తెల్లవారేసరికి అందులో సగానికి పైగా తినేసింది. ఉదయం మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. పూటకు నాలుగు లీటర్లిచ్చేది చెంబెడు పాలు కూడా ఇవ్వలేదు. కడుపుబ్బరమేనని తలచి మా నాన్న నూనె పట్టడానికి వెదురు గొట్టం తీశారు. నేను ఆయనను ఆపి పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేశాను.

సంచార పశువైద్య వాహనంలో వచ్చిన డాక్టరుగారు ఎడమ డొక్కను పిడికిలితో అదిమితే, కలిపిన పిండిలో వేలు దిగినట్లు గుంట పడి అలాగే నిలిచిపోయింది. గాలి చేరితే డొక్క డప్పులా మోగుతుందని, ఇది మోగడం లేదని ఆయన అన్నారు. నోటి నుంచి గొట్టం దింపి తీసిన పుల్లటి ద్రవంలో కాగితం ముంచగా పులుపును కొలిచే పీహెచ్ (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 దగ్గర ఉన్నట్లు తేలింది. ఆరోగ్యంగా ఉన్న పశువుకు అది 6, 7ల మధ్య ఉంటుంది. పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే పెద్దపొట్టలోని కొన్ని సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయట. ఆ పులుపుకు గడ్డిని జీర్ణం చేసే మేలు సూక్ష్మజీవులు చచ్చిపోతాయట.

అందుకే మొదటి మందు వంటసోడా. దాన్ని గోరువెచ్చని నీటిలో కలిపి గొట్టం ద్వారానే లోపలికి పంపారు. తరువాత మెడ నరానికి సెలైన్, అందులో సోడియం బైకార్బొనేటు, ఆపైన విటమిన్ బి1 ఇంజెక్షను ఇచ్చారు. "నూనె ఎందుకు వద్దు, డాక్టరుగారూ?" అని నాన్న అడిగారు. నురుగుతో ఉబ్బినప్పుడు నూనె ఆ నురుగును విరగ్గొడుతుందని, ఇక్కడ విరగడానికి నురుగే లేదని, పైగా తల ఎత్తిపట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి వస్తుందని ఆయన ఓపికగా చెప్పారు. దాణా, కుడితి పూర్తిగా ఆపి, ఎండుగడ్డి మాత్రమే వేయమన్నారు.

రెండో రోజు పులుపు తగ్గినా నెమరు మొదలవలేదు. అప్పుడు ఆయన చెప్పిన మందు ఏ దుకాణంలోనూ దొరకదు. పొరుగింటి గేదె నెమరు వేస్తుండగా నాన్న దాని దవడలు విప్పి, పచ్చని నురుగుతో ఉన్న వెచ్చని ముద్దను అరచేతిలోకి తీసుకున్నారు. అలాంటి ముద్దలు అయిదారు సేకరించి, గోరువెచ్చని నీటిలో కలిపి, వడకట్టి, డాక్టరుగారి చేత గొట్టంతో పోయించాము. చచ్చిన సూక్ష్మజీవుల స్థానంలో బతికున్నవాటిని నాటడమే ఇది. నాకైతే ఇంజెక్షన్లన్నింటికన్నా దీనిమీదే ఎక్కువ నమ్మకం కుదిరింది. వీటితోపాటు మూడు రోజులు ఈస్టు బిళ్లలు కూడా వేశాము.

నాలుగో రోజు సాయంత్రం అది పడుకుని దవడ ఆడించింది. పేడ మళ్లీ కట్టుగా పడింది. వారం తిరిగేసరికి పూటకు మూడు లీటర్ల పాలు వచ్చాయి. ఈ జబ్బు కోలుకున్నాక కూడా గిట్టల్లో వాపు రావచ్చని డాక్టరుగారు హెచ్చరించారు కనుక, ఇప్పటికీ పాలు పితికే ముందు నాలుగు గిట్టలనూ అరచేత్తో తాకి వేడి చూస్తున్నాను.