ఇయాయిదో: పని ఎడమచేతిది

కత్తి దూసేది కుడిచేయి కదా అని కొత్తవాళ్లంతా దాన్నే చూస్తుంటారు. ఒరలోంచి కత్తి దూసి వేటు వేసే జపాన్ విద్య ఇయాయిదోలో సగానికి పైగా పని ఒర పట్టుకున్న ఎడమచేతిది. అది సరిగా కదలకపోతే కుడిచేతికి ఎంత వేగమున్నా దండగే.

ఈ విద్యకు మూలపురుషుడిగా 16వ శతాబ్దపు హయాషిజాకి జిన్‌సుకేని చెప్పుకుంటారు. అఖిల జపాన్ కెండో సమాఖ్య 1969లో ఖాయం చేసిన 7 కటాలు (వరస తప్పక చేసే కదలికల కూర్పులు) ఇప్పుడు 12 అయ్యాయి. మొదటిది ‘మాయె’. ఇది ఒంటబడితే మిగతావాటికి పునాది పడినట్టే.

వజ్రాసనంలో కూర్చోవాలి. వాదర పైకి ఉండేలా కత్తి నడుము దట్టీలో ఉంటుంది. ఎడమ బొటనవేలితో త్సుబాను (పిడికీ అలుగుకీ మధ్య ఉండే అడ్డుబిళ్లను) తోస్తే ఒర మూతి దగ్గర పట్టు వదులుతుంది. మోకాళ్ల మీద లేస్తూ, కాలివేళ్లు మడిచి నేలకు ఆనించి, నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ దూయాలి. మొన బయటపడబోయే ముందు ఒరను ఎడమకు అడ్డంగా తిప్పి, దట్టీ వెంబడి బలంగా వెనక్కి లాగుతూనే కుడికాలు ముందుకు వేసి, ఎదుట ఉన్నాడని ఊహించుకున్న ప్రత్యర్థి కణత మీద వేటు వేయాలి. ఒరను లాగనివాళ్లు చేయి చాలక భుజం ముందుకు తోస్తారు. మొన ఒర మూతిని గీరుతుంది, చెక్క పొట్టు రాలుతుంది. పదునున్న కత్తయితే ఇంకా ప్రమాదం. ఒర అంటే రెండు చెక్క బద్దలు అతికించిందే. ఆ అతుకు చీలితే వాదర నేరుగా వేళ్లలోకి దిగుతుంది. అందుకే వాదర వైపు అతుకు మీదుగా వేళ్లు చుట్టకూడదు.

తర్వాత కత్తిని ఎడమచెవి పక్కగా తల మీదికి ఎత్తి, రెండు చేతులతో నిలువు వేటు. లేస్తూ, అలుగుకు అంటిన నెత్తురు దులిపినట్టు కత్తిని విదిలించడం. ఆపై కత్తి వీపును ఒర మూతి మీద ఆనించి, కుడిచేత్తో పిడిని ముందుకు లాగుతూ, ఎడమచేత్తో ఒరను వెనక్కి తీస్తే మొన దానంతటదే మూతిలో పడుతుంది. తల వంచి ఒరను వెతుక్కోకూడదు.

170 సెం.మీ. మనిషికి సుమారు 74 సెం.మీ. అలుగు సరిపోతుంది. మొదలుపెట్టేవాళ్లకు పదును లేని మిశ్రమలోహపు సాధన కత్తి, ‘ఇయాయితో’ అంటారు, అది చాలు. గోడకు తగిలించే అలంకారపు కత్తుల జోలికి పోవద్దు, వాటి పిడి ఊడి వస్తుంది. తిరుపతి ఇళ్లలో నిలువు వేటుకు ఫ్యాన్ అడ్డం, కాబట్టి సాయంత్రం మిద్దె మీద మేలు. మోకాళ్లకు ప్యాడ్లు తప్పనిసరి.

మన ఎండలకు ఒర చెక్క కుంచించుకుపోయి కత్తి వదులవుతుంది. మెత్తటి గుడ్డ మీద, తక్కువ ఎత్తులో, మూతి కిందికి వంచి చూడండి. జారిపడితే మూతి లోపల పలుచటి చెక్కపొర అతికించాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు అదే ఒర ఉబ్బి బిగుసుకోవచ్చు, అప్పుడు గుంజి లాగొద్దు. పిడిలోని వెదురు మేకును రోజూ చూడాలి. చీలినా, వేలితో నొక్కితే కదిలినా ఆ రోజు చెక్క కత్తితోనే సాధన.