ఫీజు కార్డు మీద ఖాళీ గళ్లు

2020 సెప్టెంబరులో వరంగల్ కొత్తవాడలోని ఒక నేత కార్మికుడి ఇంటికి వెళ్లినప్పుడు, సగం నేసిన దర్రీ (నేల మీద పరిచే నూలు తివాచీ) మగ్గం మీదనే ఉండిపోయి, దుమ్ము పడకుండా దాని మీద ఒక పాత చీర కప్పి ఉంది. లాక్‌డౌన్ మొదలైన మార్చి నుంచి నూలు రావడం లేదని, అంతకుముందు నేసిన సరుకును అడిగేవారు కూడా లేరని ఇంటాయన చెప్పారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలను నేసే కుటుంబం అది. ఆయన భార్య ప్లాస్టిక్ కవరులో దాచిన కూతురి ఫీజు కార్డును తీసి మా చేతికి ఇచ్చారు. అందులో గత సంవత్సరపు చివరి రెండు గళ్లలో ముద్ర లేదు. ఎనిమిదో తరగతికి వచ్చిన ఆ అమ్మాయిని వారం క్రితమే పాఠాలు పంపే వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారట.

పదో తరగతి కలిసి చదువుకున్న మేము పదకొండు మందిమి నెలకు తలా రెండు వేల చొప్పున పోగుచేసి, ఇలాంటి పిల్లల ఫీజులు కట్టాలని అప్పటికే అనుకున్నాము. ఎలా కట్టాలో మాకు నేర్పింది మాత్రం ఆ తల్లే. "సారూ, పైసలు మా చేతికియ్యకుండ్రి. చేతికొస్తే బియ్యానికి పోతయి, మందులకు పోతయి. బడిలనే కట్టుండ్రి, రసీదు మాకియ్యుండ్రి" అన్నారామె. ఆనాటి నుంచి డబ్బు నేరుగా బడికే కట్టి, రసీదును తల్లి పేరు మీద రాయించి, ఆమె చేతికే ఇవ్వడం మా పద్ధతిగా మారింది.

బడికి వెళ్లే ముందు మేము మొదట చూసిన కాగితం ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన 46వ నంబరు జీవో. ఆ విద్యాసంవత్సరంలో ప్రైవేటు బడులు ఫీజు పెంచరాదని, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలవారీగా తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. కానీ మేము కలిసిన తల్లిదండ్రులలో చాలామందికి అలాంటి ఉత్తర్వు ఉన్నదనే తెలియదు. తెలిసినవారికి కూడా దాన్ని పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్లి మాట్లాడే ధైర్యం లేదు. ఒక్క రోజు కూడా నడవని బస్సుకు, జరగని వార్షికోత్సవానికి, తెరవని ప్రయోగశాలకు కలిపి వేసిన లెక్కను విడదీసి చూస్తే, కొన్ని ఇళ్లలో బాకీ మూడో వంతు తగ్గింది. పేద కుటుంబానికి ఫీజు కట్టడం కంటే ముందు ఆ ఫీజు అసలు ఎంతో వారి పక్కన కూర్చుని లెక్క చూడటం ఎక్కువ మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బడులన్నీ ఒక్కతీరుగా లేవు. గల్లీలో రెండంతస్తుల అద్దె ఇంట్లో నడిచే ఒక చిన్న బడి కరస్పాండెంట్ మా ముందు జీతాల రిజిస్టరు తెరిచి చూపించారు. ఏప్రిల్ నుంచి టీచర్లకు సగం జీతం కూడా అందలేదు. ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది 2021 ఏప్రిల్‌లో. అప్పటిదాకా వారిని పట్టించుకున్నవారు తక్కువ. ఆ రిజిస్టరు చూశాక మేము వాదన మానేశాము. ట్యూషన్ ఫీజు వరకు నెలనెలా మేము కడతామని, ఆ డబ్బు ముందు జీతాలకే పోవాలని అడిగాము. ఆయన ఒప్పుకుని పాత బస్సు బాకీలను కూడా కొట్టివేశారు.

మరొక బడి బాకీ తీరేదాకా టీసీ ఇవ్వనన్నది. ఆ కుటుంబం పిల్లవాడిని ప్రభుత్వ బడిలో వేయాలనుకుంటోంది కాబట్టి, మేము కట్టాల్సింది బాకీ కాదు, చూపాల్సింది చట్టం అని మాకు అర్థమైంది. విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం పాత బడి టీసీని వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపరాదు. ప్రభుత్వ బడి హెడ్మిస్ట్రెస్ ఆ సెక్షన్ చదివించుకోకుండానే "తీసుకురండి, కూర్చోబెడతాం" అన్నారు. అదే చట్టం పేద పిల్లలకు ప్రైవేటు బడులలో నాలుగో వంతు సీట్లు ఇవ్వమని కూడా చెప్పింది. అది ఆ రోజుల్లో మన రాష్ట్రంలో అమలై ఉంటే, మా వద్దకు వచ్చినవారిలో కొందరికి మా అవసరమే ఉండేది కాదు.

మా వల్ల ఒక తప్పు జరిగింది. పుస్తకాలు అందుకుంటున్న ఒక అమ్మాయి ఫొటోను మాలో ఒకరు మంచి మనసుతోనే మా బ్యాచ్ గ్రూపులో పెట్టారు. అది ఎట్లా చేరిందో, కాజీపేటలో ఆటో నడిపే ఆమె తండ్రికి చేరింది. మరుసటి రోజు ఆయన వచ్చి, గొంతు పెంచకుండానే, "నా బిడ్డ ఫొటో పదిమంది ఫోన్లల్ల తిరుగుతాంది సార్, రేపు బడికెట్ల పోతది?" అని అడిగారు. ఫొటో తీసేయించి, క్షమాపణ అడిగాము. ఆ తరువాత మా నోటు పుస్తకంలో పిల్లల పేర్లు రాయలేదు, ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా అంకెలే ఉన్నాయి. ఎవరి పిల్లలకు కడుతున్నామో లెక్క చూసే ఇద్దరికి తప్ప మిగతా తొమ్మిది మందికి నేటికీ తెలియదు.

పదిహేడో నంబరు పిల్లవాడి విషయంలో మేము ఆలస్యం చేశాము. 2021 మేలో కరోనా రెండో విడతలో అతని తండ్రి చనిపోయారు. మేము బాకీ కట్టింది ఆగస్టు చివరిలో. సెప్టెంబరు 1న బడులు తెరిచినా అతడు పదో తరగతికి రాలేదు. అప్పటికే ఆటోనగర్‌లోని ఒక మెకానిక్ షెడ్డులో చేరాడు. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే కనుక పని మానమని చెప్పే అధికారం మాకు లేదు. షెడ్డు యజమానితో మాట్లాడి ఆదివారాలు వదిలేలా ఒప్పించి, ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి పేరు రాయించాము. ఆ ఫీజు రసీదును కూడా అతని తల్లి చేతికే ఇచ్చాము.