లెమ్యూ కథలో నాకు చెప్పని సగం

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉంటూ హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ బారిన పడినవారు మారియో లెమ్యూ పేరు వినకుండా ఉండలేరు. పెంగ్విన్స్ ఐస్ హాకీ జట్టుకు 1991, 1992లలో వరుసగా స్టాన్లీ కప్ సాధించిపెట్టిన ఆ నాయకుడికి 1993 జనవరిలో ఇదే జబ్బు బయటపడింది. మార్చి 2న ఆఖరి రేడియేషన్ చేయించుకొని, అదే రాత్రి ఫిలడెల్ఫియాలో బరిలోకి దిగి గోల్ కొడితే, ప్రత్యర్థి జట్టు అభిమానులు సైతం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సీజన్‌లో 60 ఆటలే ఆడినా 160 పాయింట్లతో (తాను కొట్టిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన సాయం కలిపి) లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు.

నా మెడలో గడ్డ, బయాప్సీ, కీమోథెరపీ, రేడియేషన్ అందరికీ జరిగినట్లే జరిగాయి. మరువలేనిది ఒక డాక్టరు గారి మాట. మెట్లు ఎక్కలేకపోతున్నానని చెప్పుకొంటే, ఆయన కంప్యూటరు మీది నుంచి చూపు తిప్పకుండానే, "లెమ్యూ రేడియేషన్ రోజునే ఆట ఆడాడు, మీరు ఆఫీసులో కూర్చోలేరా?" అన్నారు. నన్ను బతికించిన మందులు రాసింది ఆయనే కనుక జీవితాంతం ఋణపడి ఉంటాను. ఆ మాటను మాత్రం క్షమించలేను.

కీమో మధ్యలో ఒక రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది. తెల్లరక్తకణాలు అడుగంటినప్పుడు చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుందని తెలిసిన నా భార్య, మంచు కురుస్తున్నా కారు తీసి ఎమర్జెన్సీకి చేర్చింది. సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కుతున్నంతసేపూ, పిల్లలను మళ్ళీ చూస్తానో లేదోనన్న భయంతో ఇక్కడి పెన్ హిల్స్ గుడిలోని వేంకటేశ్వరస్వామినే తలచుకుంటూ పడుకున్నాను. తెల్లవారుజామున నా గోడు విన్న నర్సు, పెంగ్విన్స్ ఆటలు చూస్తూ పెరిగినావిడ, నా చెయ్యి పట్టుకొని, "మీకు సగమే చెప్పారు. ఆ నీరసం వల్లే లెమ్యూ 1994–95 సీజన్ మొత్తం ఆడలేదు. విశ్రాంతి తీసుకున్నాకే మరుసటి ఏడాది 161 పాయింట్లు సాధించాడు" అన్నారు. ఆ తల్లి రూపంలో స్వామే పలికాడని నేటికీ నమ్ముతాను.

కోలుకున్న వారంలోనే దీర్ఘకాలిక సెలవుకు దరఖాస్తు పెట్టుకున్నాను. కీమో తీసుకుంటున్నవారు 100.4 డిగ్రీల జ్వరం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. మెడకు రేడియేషన్ పడినవారికి థైరాయిడ్ మందగించే అవకాశం ఉంది కనుక, చికిత్స ముగిశాక కూడా నీరసం వదలకపోతే థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష అడిగి మరీ చేయించుకోండి. నా నీరసానికి అదీ ఒక కారణమని తేల్చింది వేరొక డాక్టరమ్మ. ఆవిడ మొదట చేసిన పని, నేను చెప్పేది పూర్తిగా వినడం.