దోమతెర కింద పగడాలు

మే మొదటి వారంలో అమ్మ నెల్లూరు నుంచి చెన్నై వచ్చింది. హాల్లో నేను పగడాలు పెంచే ఉప్పునీళ్ల చేపల ట్యాంకు చూడగానే "ఏంట్రా ఇది, కరెంటు పోయిన ఇంట్లా ఉంది, చేపలు కనబడేలా కాస్త వెలుగు పెట్టు" అంది. నిజమే, నీలం లైటులో కొత్తవాళ్లకు ఏదీ సరిగా కనబడదు. అమ్మ సంబరపడుతుందని లైటులోని తెల్ల కాంతిని, అంటే వైట్ ఛానెల్‌ని 15 శాతం నుంచి ఒక్కసారే 60కి పెంచేశాను, నీలం మాత్రం ఉన్నదున్నట్టే వదిలేశాను.

నాలుగో రోజు పొద్దున చూస్తే రాయి మీది ఆకుపచ్చ మష్రూమ్ కోరల్స్ (పుట్టగొడుగుల్లా ఉండే మెత్తటి పగడాలు) ముడుచుకుపోయాయి. పది రూపాయల బిళ్లంత ఉండేవి చొక్కా గుండీ అంతయ్యాయి, అంచులు నానిన సగ్గుబియ్యంలా పాలిపోయాయి, మధ్యలో నోరు మాత్రం తెరుచుకుని ఉంది. పక్కన లెదర్ కోరల్ అనే ఇంకో మెత్తటి పగడం ఒక్క పాలిప్ (చిన్న పువ్వులా విచ్చుకునే భాగం) కూడా బయటపెట్టలేదు. ఏడాదిన్నరగా పెంచుకుంటున్నవి, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

పగడం ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన శైవలాలు (నాచు లాంటివి) కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో వండిన చక్కెరలో చాలా భాగం పగడానికే ఇస్తాయి, దాని ఒంటి రంగులోనూ వాటి వాటా పెద్దదే. వెలుతురు మరీ ఎక్కువైతే ఆ శైవలాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి, పగడం వాటిని భరించలేక శైవలాలనే బయటికి పంపేస్తుంది, అప్పుడు తెల్లబడుతుంది. నీళ్లు వేడెక్కినా ఇదే తంతు. 2024లో లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబడింది సముద్రం వేడికే. మా ఇంట్లో ఆ వారం ట్యాంకు నీళ్లు 29 డిగ్రీలు దాటాయి, అంటే నేను రెండు దెబ్బలూ ఒకేసారి కొట్టాను.

మన కన్ను వెలుతురును కొలిచే పద్ధతి వేరు, పగడానిది వేరు. మనకు పచ్చ, పసుపు కాంతి ఎక్కువగా కనబడుతుంది, నీలం మసకగా అనిపిస్తుంది, కానీ ఆ శైవలాలు బాగా వాడుకునేది నీలాన్నే, ఎందుకంటే సముద్రంలో ఎరుపు పైపైనే ఇంకిపోయి లోతుకు దిగేది ఎక్కువగా నీలం కాంతే. అందుకే మన కళ్లకు చాలడం లేదని లైటు పెంచకూడదు. కొళత్తూరు చేపల షాపుల దగ్గర పరిచయమైన మిత్రుడి పార్ మీటరు (శైవలాలు వాడుకోగల వెలుతురును కొలిచేది) అడిగి తెచ్చి కొలిస్తే రాయి పైన 210, ఇసుక మీద 70 వచ్చింది. మష్రూమ్స్‌కి 50 నుంచి 100 చాలు! (నా దగ్గర ఉన్నవన్నీ మెత్తటివే. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి.)

మష్రూమ్స్ ఉన్న చిన్న రాయిని ఇసుక మీదికి దింపాను. వైట్ 10కి తగ్గించి, రోజుకు 11 గంటలు వెలిగే లైటుని 8కి తెచ్చాను. నీళ్ల మీదికి చిన్న ఫ్యాను పెడితే 27 దాకా దిగింది, దాంతోపాటు ఆవిరైపోయే నీళ్ల బదులు రోజూ మంచి ఆర్వో నీళ్లు పోయాల్సి వచ్చింది, ఉప్పు నీళ్లు పోస్తే ఉప్పదనం పెరిగిపోతుంది. లైటుకీ నీళ్లకీ మధ్య కిటికీకి కొట్టగా మిగిలిన దోమతెర గుడ్డ నాలుగు మడతలు పరిచాను, రెండు వారాలకో మడత తీస్తున్నాను. ఇంకో సంగతి, చాలామంది దీన్ని పట్టించుకోరు: ఫిల్టర్‌లో నీళ్లను శుభ్రం చేసే కార్బన్ మార్చిన మర్నాడు నీళ్లు తేటబడి అదే లైటు ఇంకా లోతుకు దిగుతుంది, కాబట్టి ఆ వారం మడత తీయొద్దు.

ఆరు వారాలైంది. మధ్యలోంచి ఆకుపచ్చ మళ్లీ వస్తోంది, లెదర్ నిన్న సాయంత్రం పూర్తిగా విచ్చుకుంది. ఎడమ పక్కన ఒక మష్రూమ్ మాత్రం ఇంకా తెల్లగానే ఉంది, దాని మీద గుడ్డ అలాగే ఉంచాను. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ తెల్లది ఎలా ఉందిరా" అని అడుగుతోంది.