టైరు లోపలి అంచు

ఈరోజు పొద్దున కారు కడుగుతూ ముందు ఎడమ టైరు లోపలి అంచు తడిమాను. ఒకవైపుకి చెయ్యి నున్నగా జారింది, వెనక్కి లాగితే రంపం పళ్ళలా గీరుకుంది. గుండె కలుక్కుమంది. పొట్టి స్ప్రింగులు వేసి కారుని 35 మి.మీ. కిందికి దించి మూడు వారాలే అయింది. స్ప్రింగులు కాస్త కుదురుకున్నాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) చూద్దాంలే అని ఆగాను. కుదురుకోవడానికి వంద, రెండు వందల కిలోమీటర్లు చాలు, నేను మాత్రం తొమ్మిది వందలు తిప్పేశాను.

ఇన్నాళ్ళూ నా టెన్షన్ అంతా కాంబర్ గురించే, అంటే చక్రం నిటారుగా నిలబడకుండా పక్కకి ఒరిగే కోణం గురించే. కారు కిందికి దిగితే చక్రాన్ని కారుకి కలిపే కింది ఆర్మ్ కోణం మారి చక్రం పైభాగం లోపలికి ఒరుగుతుంది, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి తప్పంతా దానిదే అనుకున్నాను. దారానికి బరువు కట్టి రిమ్ పక్కన వేలాడదీసి చూస్తే పై అంచు 14 మి.మీ. లోపలికి ఉంది, 410 మి.మీ. రిమ్ మీద అది రెండు డిగ్రీలు. ఎక్కువే, కానీ ఇంత తక్కువ దూరంలో టైరుని ఇలా గీకేసేంత కాదు.

అసలు దొంగ టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం. కారుకి రెండు పక్కలా ఇరుసు ఎత్తులో దారాలు బిగించి, స్టీరింగ్ నిటారుగా కట్టేసి కొలిస్తే, ఎడమ రిమ్ ముందు అంచు వెనక అంచు కన్నా 2.5 మి.మీ. బయటికి ఉంది, కుడిది 1 మి.మీ. కింది ఆర్మ్, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ పైకి లేచేటప్పుడు ఒకే వంపులో తిరగవు, అందుకే ఎత్తు మారగానే టో కూడా మారిపోతుంది. తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ ఎందుకు వంకరగా ఉంటోందో అప్పుడు అర్థమైంది. ఆ రెండు చక్రాలు తలోవైపు లాగుతూ రోజంతా రోడ్డు మీద రాసుకుంటూనే ఉన్నాయన్నమాట.

ముందు కాంబర్ సరిచేయాలి, టో తర్వాతే, ఎందుకంటే కాంబర్ కదిలిస్తే టో మళ్ళీ మారుతుంది. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) కింద నకిల్‌కి (చక్రం హబ్‌ని పట్టుకునే ముక్కకి) ఉండే పై బోల్టు తీసి, కోణం మార్చుకోగలిగే కాంబర్ బోల్టు వేసి రెండు పక్కలా ఒక డిగ్రీకి తెచ్చాను. ఇక టై రాడ్ దగ్గరే మధ్యాహ్నమంతా పోయింది. రాడ్ తిరగకుండా పట్టి ఉంచే లాక్‌నట్ తుప్పుపట్టి ఒక పట్టాన కదల్లేదు. నూనె కొట్టి అరగంట ఆగితే అప్పుడు టక్‌మని వదిలింది. రాడ్‌ని పావు చుట్టు తిప్పడం, కారు దించడం, తమ్ముడూ నేనూ ముందుకీ వెనక్కీ తోసి టైర్లు సర్దుకున్నాక మళ్ళీ కొలవడం. తోయకుండా కొలిస్తే లెక్క తప్పు చూపిస్తుంది, మొదటిసారి అదే జరిగింది. "అన్నయ్యా, ఇంకోసారి తోయాలా?" అని వాడు ఎన్నిసార్లు అడిగాడో. చివరికి రెండు పక్కలా అర మిల్లీమీటర్ లోపలికి తెచ్చి లాక్‌నట్లు బిగించి, కదిలితే తెలిసేలా వాటి మీద తెల్ల పెయింట్ గీత పెట్టాను.

కింది ఆర్మ్ బుష్‌ల (రబ్బరు కీళ్ళ) బోల్టులు కూడా వదులు చేసి, కారు నేల మీద ఉండగానే మళ్ళీ బిగించాను. పాత ఎత్తులో బిగించినవి అలాగే వదిలేస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

సాయంత్రం బయటికి తీసుకెళ్తే స్టీరింగ్ నిటారుగా నిలబడింది, చేతులు కాస్త వదులు చేసినా కారు గీత గీసినట్టు పోయింది. అరిగిన అంచు మాత్రం ఇక తిరిగి రాదు. ఈ వారంలో ఒకసారి మెషిన్ మీద కూడా చూపించాలి, దారంతో ఎంత జాగ్రత్తగా కొలిచినా క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే అక్షం పక్కనుంచి చూస్తే ఎంత వాలి ఉందో) తెలియదు కదా.