కంటైనర్ యార్డు సాఫ్ట్‌వేర్‌కి తెలుగు మాన్యువల్: పదాల పట్టిక ఆమోదం పొందేదాకా నా అనుభవం

విశాఖలో ఒక కంటైనర్ ఫ్రైట్ స్టేషన్ (కంటైనర్లలో సరుకు నింపే, దింపే యార్డు) వాడే సాఫ్ట్‌వేర్‌కి తెలుగు యూజర్ మాన్యువల్ రాస్తున్నాం. దాని పదాల పట్టికకు ఈ వారమే సంతకం పడింది. ఇలాంటి పని నెత్తిన వేసుకున్నవాళ్లకు పనికొస్తుందని, అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

పదాలు ఏరడం తేలిక. స్క్రీన్ల మీది మాటలన్నీ పీఓ ఫైళ్లలో (అనువాదం కోసం మాటల్ని విడిగా ఉంచే ఫైళ్లు) ఉంటాయి. వాటిని స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి, హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసేవాళ్లు వాడే మాటల్ని పక్కన చేర్చాలి. పట్టికలో ఐదు కాలమ్‌లు చాలు: ఒక్క వాక్యంలో నిర్వచనం, ఎంచుకున్న మాట, వాడకూడని మాటలు, ఏ స్క్రీన్‌లో వస్తుంది, ఎవరు ఒప్పుకున్నారు. నిర్వచనం ముందు రాయండి, మాట తర్వాత. మాట ముందే పెట్టుకుంటే నిర్వచనాన్ని దానికి తగ్గట్టు సాగదీస్తాం.

సాఫ్ట్‌వేర్ మాటలు కొన్ని ఈ ఊళ్లో హార్బర్ మాటలు కూడా. పోర్టు అంటే ఇక్కడ ఎవరికైనా ఓడలు ఆగేచోటే. అందుకని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మామూలుగా వాడే 5432ని సర్వర్ గైడ్‌లో ప్రతిచోటా ‘నెట్‌వర్క్ పోర్ట్ నంబర్’ అనే రాశాం. కంటైనర్ అంటే ఇనప పెట్టె: నంబరులో 4 అక్షరాలు, 7 అంకెలు, చివరి అంకె చెక్ డిజిట్, అంటే నంబరు తప్పు పడిందేమో పట్టుకునేది. సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌ని విడిగా కట్టి నడిపేది ఎప్పుడూ ‘డాకర్ కంటైనర్’, పొట్టిగా రాయకూడదు. మానిఫెస్ట్ అంటే ఓడ తెచ్చిన సరుకు జాబితా మాత్రమే.

వీటి మీద ఎవరూ వాదించలేదు. ప్రాణం తీసింది క్లయింట్ ఆమోదం.

పట్టిక వాళ్ల కార్యాలయం నుంచి ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. ‘డౌన్‌లోడ్’ కొట్టేసి ‘దిగుమతి’ అని రాశారు. ఎక్సెల్ ఫైలులోంచి డేటా తేవడమూ ‘దిగుమతి’ అయింది. బిల్ ఆఫ్ ఎంట్రీ (విదేశం నుంచి వచ్చిన సరుకుకు కస్టమ్స్‌లో ఇచ్చే పత్రం) వేసే సరుకు ఎలాగూ దిగుమతే. దాంతో మాన్యువల్లో ఒక వాక్యం ఇలా తయారైంది: ‘దిగుమతి కంటైనర్ల జాబితాను దిగుమతి చేసి, నివేదికను దిగుమతి చేసుకోండి.’ మీటింగ్‌లో ఇది చదివి వినిపిస్తే, ‘మీకు మంచి తెలుగు రాదా?’ అని అందరి ముందూ అడిగారు. గేటు దగ్గర ఒక్క షిఫ్టు కూడా నిలబడనివాళ్లు, గేటు క్లర్కు ఏ మాట చదవాలో తేల్చేస్తున్నారు. ట్రైలర్లు వరసగా హారన్ కొడుతుంటే స్క్రీన్ చూసే మనిషికి అర్థం కానిది ఎంత మంచి తెలుగైనా ఆ పనికి చెడ్డదే.

అదే ఎర్ర సిరాతో ‘ఎంప్టీ’ పోయి ‘ఖాళీ’ వచ్చింది. ఖాళీ చక్కటి మాటే, కానీ యార్డులో అది మూడు చోట్ల తగులుతుంది: సరుకు లేని కంటైనర్, ఏమీ నింపని గడి, పెట్టె దింపడానికి దొరికిన స్లాట్. మా సాఫ్ట్‌వేర్ ఎంప్టీకి సీల్ నంబర్ అడగదు. ఆ సూచన కాస్తా ‘ఖాళీ అయితే సీల్ నంబర్ ఖాళీగా ఉంచండి’ అయింది. దాని కిందే ‘ఖాళీగా ఉంటే సేవ్ కాదు’ అని లోడు కంటైనర్ల గురించిన హెచ్చరిక. ఖాళీగా ఉన్నది కంటైనరా, గడా? తేలక క్లర్కు ఏవో సున్నాలు కొట్టి ముందుకు వెళ్తాడు. ఆ సున్నాలే గేట్ పాస్ మీద సీల్ నంబరుగా అచ్చవుతాయి.

వాదనతో ఏమీ జరగలేదు. పని చేసింది ఇది: ఒకే స్క్రీన్‌ని రెండు రకాల మాటలతో కాగితం మీద ప్రింటు తీసి, గేటు క్లర్కులకు, సర్వేయర్లకు విడివిడిగా ఇచ్చాం. ‘రేపొచ్చే బాక్సుల లిస్టు ఫైలు నుంచి ఎక్కించాలి, ఏది నొక్కుతారు?’ అని అడగాలి. ఏమీ వివరించకుండా, వేలు ఎటు పోతుందో రాసుకోవాలి. ‘దిగుమతి నొక్కితే బాక్సు లోపలికొచ్చేసినట్టు పడిపోద్ది కదండీ?’ అని ఒకాయన అడిగింది అడిగినట్టే పట్టికలోకి ఎక్కించాను. నన్ను తెలుగు రాదా అన్న అధికారే అది చదివి సంతకం పెట్టారు. ఈ పరీక్ష వాళ్ల ఆవరణలో, వాళ్ల స్టాఫ్‌తోనే చేయించండి. మీ ఆఫీసులో చేసుకున్నదాన్ని ఎవరూ లెక్కచేయరు.

చివరికి దిగుమతి సరుకుకే మిగిలింది. డౌన్‌లోడ్ డౌన్‌లోడే. ఎక్సెల్ నుంచి తెచ్చేది ‘ఫైలు నుంచి ఎక్కించు’. ఎంప్టీ, నింపని గడి, ఖాళీ స్లాట్ వేర్వేరు అయ్యాయి. గేట్ పాస్ ‘రద్దు’ చేస్తే నంబరు రికార్డులో ఉంటుంది, మళ్లీ వాడలేరు. ‘తొలగించు’ అంటే ఎంట్రీయే పోతుంది. అందుకని పాపప్‌ని మూసే బటన్ మీద ‘రద్దు’ తీయించి ‘వెనక్కి’ పెట్టించాం.

క్రియలనూ వదలకండి. తప్పనిసరికి ‘చేయాలి’, సలహాకి ‘చేయడం మంచిది’, ఇష్టానికి ‘చేయవచ్చు’. ఇంటర్నెట్ ప్రమాణాల ఇంగ్లీషుకు 1997లో ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రం పెట్టిన కట్టుబాటు ఇలాంటిదే. సర్క్యులర్ల భాషలోని ‘చేయగలరు’ని మాత్రం పూర్తిగా నిషేధించాను. ‘వివరాలు మార్చగలరు’ అంటే మార్చమనా, మార్చే వీలుందనా?

రాతలో ఈ నియమాలు తప్పాయేమో తనిఖీకి వేల్ (Vale) అనే ఉచిత సాధనం వాడాం. తెలుగుతో రెండు చిక్కులొస్తాయి. ‘డౌన్‌లోడ్’లో న్ తర్వాత వచ్చే కనబడని నాన్-జాయినర్‌ని (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఒకరు కొడతారు, ఒకరు కొట్టరు; సెర్చ్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. రూల్లో రెండు రూపాలూ ఇవ్వాలి. రెండోది విభక్తులు: ఫైలుని, ఫైళ్లలో, ఫైల్‌కి. పూర్తి మాట ఇస్తే సగం దొరకవు. ఫైలు, ఫైల్, ఫైళ్ అని మొదళ్లు ఇచ్చి, పూర్తి మాటకే పరిమితం కాకుండా వెతికేలా, రూల్లో ‘నాన్‌వర్డ్’ (nonword)ని ట్రూ చేయాలి. ‘చేయగలరు’ని ఎర్రర్‌గా పెడితే మాన్యువల్ బిల్డ్ (తయారయ్యే ప్రక్రియ) అక్కడే ఆగుతుంది. ‘దిగుమతి’ని అలా పెట్టకండి, సరుకు విషయంలో అది సరైన మాట, వార్నింగ్‌గా ఉంచి, వచ్చిన ప్రతిచోటా మనిషే చూడాలి.