పూటకు ఎంత కొవ్వు? చెంచా పట్టే ముందు వేసుకున్న లెక్క

రోజుకు ఎంత కొవ్వు తినవచ్చో చెప్పే అంకె ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని ఒక్కో పూట కంచంలోకి దించేటప్పుడే చిక్కు వస్తుంది. మొదట్లో నేను రోజు మొత్తాన్ని మూడుతో భాగించి, వచ్చినంత నూనె పూటపూటకూ వాడవచ్చనుకున్నాను. ఆ లెక్క తప్పు. సీసాలోంచి నూనె పోయకముందే గుడ్డులో, పాలలో, గింజల్లో, చేపలో కొవ్వు ఉంది. ముందు దాన్ని తీసేయాలి, మిగిలినదే చెంచాకు. ఈ క్రమం పట్టుకున్నాకే అంకెలు కుదిరాయి.

రోజు మొత్తం ఎంతో ముందు తేల్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు తీసుకునే మొత్తం శక్తిలో కొవ్వు వాటా 30 శాతం దాటకూడదు. ఆ మొత్తం శక్తిలోనే సంతృప్త కొవ్వు (వెన్న, కొబ్బరినూనెల్లో ఎక్కువుండేది) 10 శాతం, ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను పాక్షికంగా హైడ్రోజనేట్ చేసి గట్టిపరిచినప్పుడు పుట్టేది) 1 శాతం మించకూడదు. గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు. 2,000 క్యాలరీలు తినేవాళ్లకు 30 శాతమంటే 600 క్యాలరీలు, అంటే సుమారు 67 గ్రాములు. సంతృప్త కొవ్వు 22 గ్రాములు, ట్రాన్స్ ఫ్యాట్ 2 గ్రాముల చిల్లర. సరిగ్గా హద్దు మీద నడిస్తే చిన్న పొరపాటుకే దాటిపోతాం. అందుకని నేను 27 శాతం దగ్గర ఆగాను. దీనికి ఒక తేలిక దారి ఉంది: రోజు మొత్తం క్యాలరీలను 100తో భాగించి 3తో గుణిస్తే వచ్చేవి గ్రాములు. 2,000కు 60 గ్రాములు, 1,600కు 48.

ఈ 60ని మూడు పూటలకు 17 చొప్పున పెట్టి, మిగిలిన 9 గ్రాములను మధ్యలో తాగే పాలకో, నమిలే గింజలకో వదిలాను. 48 అయితే పూటకు 13 లేదా 14, మధ్యలో 7. ప్రతి పూటా సరిసమానంగా ఉండాలన్న నియమం శరీరానికేమీ లేదు. కానీ రెండు చివర్లూ ఇబ్బందే. కొవ్వు బొత్తిగా లేని పూటలో కూరగాయలు ఎన్ని తిన్నా వాటిలోని కెరోటినాయిడ్లు, అంటే క్యారెట్ లాంటి వాటికి రంగునిచ్చే పదార్థాలు, సరిగ్గా ఒంటపట్టవు. విటమిన్ ఎ, డి, ఇ, కె కూడా కొవ్వుతో కలిసే లోపలికి వెళ్తాయి. ఇందుకు పూటకు 3 నుంచి 5 గ్రాములు చాలు. మరోవైపు రోజు వాటా అంతా ఒకే పూటలో కుక్కితే ఆహారం కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, బరువుగా ఉంటుంది, గుండెల్లో మంట ఉన్నవాళ్లకు అది పెరుగుతుంది. కాబట్టి పూటకు 5 గ్రాములకు తగ్గకుండా, 25 దాటకుండా చూసుకుంటాను. ఈ రెండు హద్దులూ నేను పెట్టుకున్నవే, వాటి మధ్య అటూ ఇటూ అయితే పట్టించుకోను.

ఇక కనిపించని కొవ్వు. తరచూ అక్కరకొచ్చే అంకెలు ఇవి. పెద్ద గుడ్డులో 5 గ్రాములు, అదంతా పచ్చసొనలోనే. వెన్న తీయని పాలు 250 మిల్లీలీటర్లకు 8. గట్టి చీజ్ 30 గ్రాములకు సుమారు 10. అవకాడో సగానికి, అంటే 100 గ్రాముల గుజ్జుకు 15. బాదం గానీ వేరుశనగ గానీ 30 గ్రాములకు 15 దాకా, వాల్‌నట్లు అంతే బరువుకు 20కి దగ్గర. పెంపకపు సాల్మన్ లాంటి కొవ్వు చేప 100 గ్రాములకు 13, కాడ్ లాంటి తెల్ల చేపలో ఒక గ్రాము కూడా ఉండదు. తోలు తీసిన కోడి రొమ్ముమాంసం వండాక 100 గ్రాములకు 3 నుంచి 4. వండిన ధాన్యం, పప్పుధాన్యాలు, కూరగాయలు అన్నీ కలిపినా పూటకు 2, 3 గ్రాములు మించవు. సోయా ఒక్కటే వేరు, ఎండు గింజలో అయిదో వంతు కొవ్వే.

ఒకే రోజు రెండు పూటల్లో ఈ తేడా ఎలా ఉంటుందో చూడండి. పొద్దున రెండు గుడ్లు, గ్లాసు పాలు: 10, 8 కలిపి 18. అప్పుడే వాటా దాటిపోయింది, చెంచాకు మిగిలింది సున్నా. గుడ్లు ఉడకబెట్టుకోవాలి, లేదంటే పెనానికి నూనె రాసి తుడిచినట్టు మాత్రమే ఉండాలి. అదే మధ్యాహ్నం ధాన్యం, పప్పు, కూరగాయలతో సరిపెడితే లోపలి కొవ్వు 3 గ్రాములే, ఇంకా 14 మిగిలాయి. అంటే ఒక నిండు టేబుల్ స్పూన్ నూనె ధైర్యంగా వాడవచ్చు. రెండు పూటలకూ ఒకే కొలత నూనె అనుకున్నవాళ్లకు పొద్దున ఎక్కువై, మధ్యాహ్నం చాలకుండా పోయేది ఇందుకే.

చెంచా సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. కొలత టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, అందులో నూనె 4.6 గ్రాములు. టేబుల్ స్పూన్ 15 మిల్లీలీటర్లు, నూనె దాదాపు 14 గ్రాములు, 120 క్యాలరీలకు పైనే. కానీ వంటింట్లో ఉండే చెంచాలు ఈ కొలతకు చేసినవి కావు. చెంచాను నీళ్లతో పరీక్షించుకోండి: త్రాసు మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, ఆ చెంచాతో పది చెంచాల నీళ్లు పోసి, వచ్చిన బరువును పదితో భాగించాలి. మిల్లీలీటరు నీళ్లు గ్రాము తూగుతాయి. చెంచాకు 8 గ్రాములు వస్తే అది 8 మిల్లీలీటర్ల చెంచా, అందులో నూనె 7.4 గ్రాములు. అయిదనుకుని రోజుకు ఆరు చెంచాలు వాడితే లెక్కలోకి రాని నూనె 16 గ్రాములకు పైనే, అంటే దాదాపు ఒక పూట వాటా. ఒక్క చెంచానే తూచడం కన్నా పది తూచడం మేలు, చిన్న బరువుల దగ్గర ఇంటి త్రాసు తడబడుతుంది.

గింజల వెన్నలతో ఇంకో చిక్కు. చదునుగా తీసిన టేబుల్ స్పూన్ వేరుశనగ వెన్న 16 గ్రాములు, అందులో కొవ్వు 8. గోపురంలా తీస్తే అది రెట్టింపు కావడానికి ఎంతో పట్టదు. దీనికి చెంచా వదిలేసి, సీసానే త్రాసు మీద పెట్టి సున్నా చేస్తాను. తీసుకున్నాక త్రాసు చూపించే మైనస్ అంకే నేను తీసిన బరువు. చెంచాకు అంటుకున్నది నాకేసినా లెక్కలోకి వచ్చేస్తుంది.

నలుగురికీ కలిపి వండేచోట ప్రతి వంటకీ తూచడం సాగదు. నూనె సీసా మీద తెరిచిన తేదీ రాస్తే చాలు. లీటరు నూనె సుమారు 920 గ్రాములు. నలుగురికి పది రోజులు వచ్చిందంటే మనిషికి రోజుకు 23 గ్రాములు. అందరూ సమానంగా తినరు గనుక ఎక్కువ తినేవాళ్లకు దాన్ని కాస్త పెంచి వేసుకోవాలి.

వేపుళ్లు ఈ పద్ధతికి సగమే లొంగుతాయి. నూనెలో వేగుతున్నంతసేపూ లోపలి నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంది, కాబట్టి నూనె అంతగా చొరబడదు. బయటికి తీశాక చల్లబడుతుంటే ఆవిరి నీరుగా మారి, ఆ ఖాళీలోకి పైనున్న నూనెను లాగేసుకుంటుంది. అందుకే తీసిన వెంటనే, వేడి మీదే, జల్లెడలో గట్టిగా విదిలించాలి. చల్లారాక కాగితంతో అద్దితే పైది మాత్రమే పోతుంది. పలచటి బంగాళదుంప చిప్స్‌లో మూడో వంతు కొవ్వే. 50 గ్రాములు తింటే ఒక పూట వాటా అక్కడికి సరి.

ఎంత అన్నది కుదిరాక, ఏ కొవ్వు అన్న ప్రశ్న. సంతృప్త కొవ్వుకు రోజుకు 22 గ్రాములంటే పూటకు 6, మధ్యలోకి 4. ఒక టేబుల్ స్పూన్ వెన్నతోనే 7 అయిపోతాయి. కొబ్బరినూనెలో 80 శాతానికి పైగా సంతృప్తమే. ఆలివ్ నూనెలో 14 శాతం, వేరుశనగ నూనెలో 17, పొద్దుతిరుగుడులో 10, 11, కనోలాలో 7. వీటిని వెన్న మీద అదనంగా పోస్తే లాభం లేదు, వెన్న బదులు వాడితేనే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. నేను చూసినంతలో అందరూ జారేది ఇక్కడే: మంచి కొవ్వు కదా అని ఉన్న భోజనం ఉన్నట్టే ఉంచి, పైన గుప్పెడు బాదం చేర్చుకుంటారు. 30 గ్రాములంటే 170 క్యాలరీలకు పైనే. ఏదో ఒకటి తగ్గించకుండా అది చేరితే బరువు పెరుగుతుంది. వెన్న తీసేసి ఆ స్థానంలో చక్కెర, మైదా పెంచినా గుండెకు మేలు జరగదు. కొవ్వు తక్కువని రాసిన డబ్బా మీద చక్కెర వరుస కూడా చదవాల్సింది అందుకే.

ఒమేగా-3 కోసం ఒక టేబుల్ స్పూన్ అవిసెపొడి, అంటే 7 గ్రాములు, దాదాపు 1.6 గ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (మొక్కల్లో ఉండే ఒమేగా-3) ఇస్తుంది. మగవాళ్లకు రోజుకు చాలినంత అదే, ఆడవాళ్లకు 1.1 చాలు. గింజ పొడి చేయకుండా తింటే చాలావరకు అలాగే బయటికి పోతుంది. పొడి చేశాక త్వరగా కనరెక్కుతుంది, కాబట్టి కొద్దికొద్దిగా చేసి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచాలి. అవిసె నూనెను వేడి చేయకూడదు. చేపలో ఉండే ఒమేగా-3 వేరు రకం. అవిసెలోది శరీరంలో అలా మారేది చాలా కొద్దిగానే, కాబట్టి చేప తినేవాళ్లు వారానికి రెండుసార్లు తినడం మంచిది.

ట్రాన్స్ ఫ్యాట్ విషయంలో గ్రాముల అంకెను నమ్మకుండా పదార్థాల జాబితా చదువుతాను. కొన్ని దేశాల్లో ఒక వడ్డనకు అర గ్రాముకన్నా తక్కువుంటే సున్నా అని రాయవచ్చు. పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనె అని కనిపిస్తే ఆ ప్యాకెట్టు అక్కడే పెట్టేయడం నయం.

ఈ అంకెలు అందరికీ వర్తించవు. పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు, రక్తంలో బాగా పెరిగిన ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు), కొవ్వు అరగని జబ్బులు ఉన్నవాళ్లకు కొలత వైద్యులే చెప్పాలి. రెండేళ్ల లోపు పిల్లలకు కొవ్వు కోత పెట్టకూడదు. గట్టి వ్యాయామానికి ముందు తినే పూటలో 5 గ్రాముల దగ్గరే ఆగి, మిగతాది తర్వాతి పూటకు జరపడం కడుపుకు హాయి.

మూడు వారాలు తూచితే కంటికి కొలత అలవాటవుతుంది. ఆ తర్వాత నెలకు రెండు రోజులు మాత్రమే త్రాసు బయటికి తీస్తాను. ఆ రెండు రోజుల్లో ముందుగా పెరిగి కనిపించేది గింజల వెన్న చెంచానే, రెండోది పెనంలోకి సీసాతో నేరుగా పోసిన నూనె.